అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో ఎవరి చేతిలో ఏముంది? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఏదో మారిందని వార్త వచ్చినప్పుడు ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. అది బిల్లా, చట్టమా, ఏజెన్సీ రూలా, అధ్యక్షుడి ఉత్తర్వా, కోర్టు తీర్పా? అది తెలిస్తే ఎప్పటి నుంచి అమలవుతుంది, ఎవరు ఆపగలరు, ఎంతకాలం నిలుస్తుంది అన్నవి చాలావరకు తేలిపోతాయి. కింది ప్రశ్నలు అక్కడ ఉంటున్న తెలుగువాళ్లు, ఇక్కడున్న వాళ్ల తల్లిదండ్రులు, చదువుకు వెళ్లబోయే విద్యార్థులు తరచుగా అడిగేవి. ఉదాహరణలు ఎక్కువగా వీసాలు, గ్రీన్ కార్డుల నుంచే తీసుకున్నాం. మనవాళ్లకు మూడు శాఖలతోనూ పని పడేది అక్కడే.

మూడు శాఖలంటే ఏవి?

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగంలో మొదటి అధికరణం కాంగ్రెస్ గురించి, రెండోది అధ్యక్షుడి గురించి, మూడోది కోర్టుల గురించి చెబుతుంది. చట్టం చేసేది, ఖజానా నుంచి డబ్బు మంజూరు చేసేది కాంగ్రెస్. దాన్ని అమలు చేసేది అధ్యక్షుడు, ఆయన కింద ఉండే 15 మంత్రిత్వ శాఖలు, ఇంకా అనేక ఏజెన్సీలు. చట్టానికి అర్థం చెప్పేది, రాజ్యాంగానికి విరుద్ధమైతే కొట్టేసేది ఫెడరల్ కోర్టులు. కొట్టేసే అధికారం రాజ్యాంగంలో ఆ మాటల్లో రాసి లేదు. 1803 నాటి మార్బరీ వర్సెస్ మాడిసన్ తీర్పుతో సుప్రీం కోర్టు దాన్ని స్థిరపరచుకుంది.

కాంగ్రెస్‌లో రెండు సభలు. ప్రతినిధుల సభలో ఓటు హక్కున్న సభ్యులు 435 మంది, పదవీకాలం రెండేళ్లు. సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది, పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు స్థానాలకు ఎన్నికలు. జనాభా ఎంతున్నా సెనేటర్లు ఇద్దరే కాబట్టి కాలిఫోర్నియాకూ వ్యోమింగ్‌కూ అక్కడ సమాన బలం.

మన పార్లమెంటరీ పద్ధతికీ దీనికీ అసలు తేడా ఎక్కడుంది?

మన దగ్గర లోక్‌సభలో మెజారిటీ ఉన్నవాళ్లే ప్రభుత్వం నడుపుతారు. మెజారిటీ పోతే ప్రభుత్వం పడిపోతుంది. అమెరికాలో ఈ ముడి లేదు. అధ్యక్షుడి ఎన్నిక వేరు, కాంగ్రెస్ ఎన్నిక వేరు. కాంగ్రెస్ సభ్యుడు మంత్రి స్థాయి పదవి తీసుకోవాలంటే సభ్యత్వం వదులుకోవాలి. అవిశ్వాస తీర్మానం లేదు, సభను రద్దు చేసే అధికారం అధ్యక్షుడికి లేదు. రెండు సభలూ ప్రతిపక్షం చేతిలో ఉన్నా అధ్యక్షుడు నాలుగేళ్లూ ఉంటాడు.

అందుకే "అధ్యక్షుడు హామీ ఇచ్చాడు కదా, చట్టం వచ్చేస్తుంది" అనుకోవడం పొరపాటు. ఆయన సొంత పార్టీ సభ్యులే ఎదురు ఓటు వేయవచ్చు. మన ఫిరాయింపుల నిరోధక చట్టం లాంటిది అక్కడ లేదు, పార్టీ విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోదు.

బిల్లు చట్టం కావాలంటే ఎన్ని మెట్లు ఎక్కాలి?

సభ్యుడెవరైనా బిల్లు పెట్టవచ్చు. అది సంబంధిత కమిటీకి వెళ్తుంది (వలస విషయాలైతే జ్యుడీషియరీ కమిటీ). ఎక్కువ బిల్లులు అటకెక్కేది ఇక్కడే. కమిటీ అధ్యక్షుడు ఎజెండాలో పెట్టకపోతే దానికి ఓటింగే ఉండదు. ప్రతినిధుల సభలో 218 మంది సంతకాలు పెడితే కమిటీని దాటించి బిల్లును సభ ముందుకు తేవచ్చు గానీ, ఆ సంతకాలు దొరకడం అరుదు.

కమిటీ దాటాక సభలో చర్చ, ఓటు. తర్వాత రెండో సభలోనూ నెగ్గాలి. ముఖ్యమైన షరతు ఏమిటంటే, రెండు సభలూ అక్షరం తేడా లేకుండా ఒకే పాఠాన్ని ఆమోదించాలి. తేడా ఉంటే సంయుక్త కమిటీ కూర్చుని సరిచేయాలి, లేదా ఒక సభ సవరణలను రెండోది ఒప్పుకోవాలి. ఇదంతా ఒకే కాంగ్రెస్ కాలంలో, అంటే బేసి సంవత్సరం జనవరి 3న మొదలయ్యే రెండేళ్లలో పూర్తవ్వాలి. కాకపోతే బిల్లు చచ్చిపోతుంది, కొత్త నంబరుతో మళ్లీ మొదటి నుంచి రావాలి.

మనవాళ్లు కళ్లలో వత్తులు వేసుకుని చూసిన ఒక బిల్లుకు అచ్చంగా ఇదే జరిగింది. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశంవాళ్లకూ 7 శాతం మించకూడదన్న పరిమితిని తీసేసే హెచ్.ఆర్. 1044 బిల్లు 2019 జులై 10న ప్రతినిధుల సభలో 365–65 ఓట్లతో నెగ్గింది. సెనేట్‌లో దాని జోడీ బిల్లు ఎస్. 386 ఏకగ్రీవ సమ్మతి దారిలో వెళ్లాల్సి వచ్చింది. ఆ దారిలో ఒక్క సెనేటర్ "అభ్యంతరం" అన్నా బిల్లు ఆగిపోతుంది. అలా ఒకరి తర్వాత ఒకరు ఆపారు, ఒక్కొక్కరి అభ్యంతరానికి ఒక్కో సవరణ చేరింది. చివరికి 2020 డిసెంబరు 2న సెనేట్ ఆమోదించింది. కానీ అప్పటికి పాఠం మారిపోయింది. ప్రతినిధుల సభ పాఠంతో దాన్ని కలిపేలోపే 2021 జనవరి 3 వచ్చింది, రెండూ పోయాయి. రెండు సభలూ ఆమోదించినా చట్టం కాలేదంటే మన దగ్గర చాలామంది నమ్మరు, కానీ జరిగింది అదే.

కాబట్టి "బిల్లు ప్రవేశపెట్టారు" అన్న వార్తకు పెద్దగా విలువ ఇవ్వనక్కర్లేదు. ప్రతి కాంగ్రెస్‌లోనూ వేల బిల్లులు ప్రవేశపెడతారు, చట్టమయ్యేవి వందల్లోనే ఉంటాయి. హెచ్‌1బి ఉద్యోగ వీసా రద్దు చేయాలన్న బిల్లు, గ్రీన్ కార్డులు రెట్టింపు చేయాలన్న బిల్లు ఒకే వారంలో కనిపించినా ఆశ్చర్యపోకండి. కమిటీలో ఓటింగ్ జరిగిందా అని చూడండి. జరిగితేనే కాస్త గమనించాల్సిన బిల్లు.

100 మంది సెనేటర్లలో 51 మంది చాలరా? 60 మాట ఎందుకు వస్తుంది?

బిల్లు నెగ్గడానికి మామూలు మెజారిటీ చాలు. చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే మాత్రం 60 మంది కావాలి. ఆ 60 దొరక్కుండా అడ్డుకోవడమే ఫిలిబస్టర్. ఇది రాజ్యాంగంలో లేదు, సెనేట్ తన కోసం తాను పెట్టుకున్న నిబంధన. గంటల తరబడి నిలబడి ప్రసంగించే దృశ్యం అప్పుడప్పుడూ టీవీలో వస్తుంది గానీ, రోజువారీగా దాని అవసరం లేదు. 41 మంది కలిసి ఉన్నారని తెలిస్తే నాయకులు బిల్లును తీయనే తీయరు.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి. ఒకటి నియామకాలు. 2013లో సుప్రీం కోర్టు మినహా మిగతా నియామకాలకు, 2017లో సుప్రీం కోర్టు జడ్జీలకు కూడా 60 అవసరం తీసేశారు. రెండోది బడ్జెట్ రీకన్సిలియేషన్. 1974 బడ్జెట్ చట్టం ప్రకారం పన్నులు, ఖర్చులకు నేరుగా సంబంధించిన బిల్లును మామూలు మెజారిటీతోనే దాటించవచ్చు. డబ్బుతో సంబంధం లేనివి అందులో దూర్చితే పార్లమెంటేరియన్ అనే సభా అధికారి తప్పుపడతారు, తీసేయాల్సి వస్తుంది.

ఇంటికి పంపే డబ్బు మీద పన్ను వచ్చింది ఈ దారిలోనే. 2025లో మొదట 5 శాతం అన్నారు. మే 22న 215–214 ఓట్లతో ప్రతినిధుల సభ దాటేసరికి అది 3.5 శాతం, అదీ పౌరులు కానివాళ్లకు. సెనేట్ దాన్ని 1 శాతానికి దింపింది, పౌరులకూ వర్తింపజేసింది. నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు లాంటి వాటితో పంపేవాటికే పరిమితం చేసింది. అమెరికా బ్యాంకు ఖాతా నుంచి గానీ, అక్కడ జారీ చేసిన డెబిట్, క్రెడిట్ కార్డుతో గానీ పంపితే పన్ను లేదు. సెనేట్‌లో ఓట్లు 50–50 అయితే జులై 1న ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ ఓటుతో నెగ్గింది. జులై 3న ప్రతినిధుల సభ సెనేట్ పాఠాన్నే ఒప్పుకుంది, 4న సంతకం అయింది, పన్ను 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మే నెల వార్త చదివి ఆదరాబాదరాగా డబ్బు పంపేసినవాళ్లు కొంత ఆగితే సరిపోయేది.

ఉపాధ్యక్షుడికి ఇంకేం అధికారం ఉంది?

ముఖ్యంగా సెనేట్‌కు అధ్యక్షత, ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు, అధ్యక్షుడికి ఏమైనా అయితే ఆ స్థానం. అంతే. వాన్స్ భార్య ఉష తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లే అయినా, ఆమె స్థానానికి రాజ్యాంగంలో ఏ అధికారమూ లేదు. ఆ బంధుత్వాన్ని బట్టి వీసా విధానాన్ని అంచనా వేసే వీడియోలను పక్కన పెట్టవచ్చు.

అధ్యక్షుడు సంతకం పెట్టకపోతే?

బిల్లు చేరాక ఆదివారాలు మినహాయించి 10 రోజుల గడువు. ఆ లోపు సంతకం పెట్టవచ్చు, లేదా కారణాలు రాసి వీటో చేయవచ్చు. ఏమీ చేయకపోతే గడువు ముగిశాక బిల్లు దానంతట అదే చట్టమవుతుంది. అయితే ఈలోగా కాంగ్రెస్ వాయిదా పడి, తిప్పి పంపడానికి వీల్లేకపోతే బిల్లు పోయినట్టే. దీన్నే పాకెట్ వీటో అంటారు. వీటోను తోసిపుచ్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. బిల్లులో నచ్చని వాక్యాన్ని మాత్రమే కొట్టేసే వెసులుబాటును 1996లో ఒక చట్టం ఇచ్చింది, 1998లో సుప్రీం కోర్టు అది చెల్లదంది.

ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ చట్టంతో సమానమా?

ఇప్పటికే ఉన్న చట్టమో రాజ్యాంగమో ఇచ్చిన అధికారాన్ని ఎలా వాడాలో తన కింది అధికారులకు అధ్యక్షుడు ఇచ్చే ఆదేశం అది. కొత్త అధికారాన్ని పుట్టించలేదు. 1952లో కొరియా యుద్ధం నడుస్తుండగా ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకోమని ట్రూమన్ ఇచ్చిన ఆర్డర్‌ను సుప్రీం కోర్టు కొట్టేసింది. కాంగ్రెస్ ఆ అధికారం ఇవ్వలేదన్నదే కారణం. తర్వాత వచ్చే అధ్యక్షుడు ఒక్క సంతకంతో పాత ఆర్డర్‌ను రద్దు చేయవచ్చు.

అయితే కొన్ని చట్టాలే అధ్యక్షుడి చేతికి చాలా విశాలమైన అధికారం ఇచ్చాయి. వలస చట్టంలోని 212(ఎఫ్) అలాంటిది. దేశ ప్రయోజనాలకు హానికరమని తోస్తే ఏ తరగతి విదేశీయుల ప్రవేశాన్నైనా ఆయన నిలిపివేయవచ్చు. 2018లో ట్రంప్ వర్సెస్ హవాయి కేసులో 5–4 తేడాతో సుప్రీం కోర్టు దీన్ని సమర్థించింది. 2025 సెప్టెంబరు 19న హెచ్‌1బి మీద లక్ష డాలర్ల చెల్లింపు పెట్టిన ప్రకటనకూ ఆధారం ఇదే.

ఆ రోజు జరిగిన గందరగోళాన్ని గుర్తు చేసుకోవడం మంచిది. ఏటా కట్టాలని ఒక మంత్రి నోట వచ్చింది. సెలవు మీద ఇండియా వచ్చినవాళ్లను వెంటనే వెనక్కి రమ్మని కంపెనీలు మెయిళ్లు పంపాయి. మర్నాడు ప్రభుత్వం ఇచ్చిన వివరణ ప్రకారం అది సెప్టెంబరు 21 తర్వాత వేసే కొత్త పిటిషన్లకే, ఒక్కసారే. ఉన్న వీసాలకు, రెన్యువల్‌కు వర్తించదు. అమెరికాలోనే ఉండి ఎఫ్‌1 విద్యార్థి వీసా నుంచి హెచ్‌1బికి మారేవాళ్లకు ఆమోదం దొరికితే ఇది పడదని అక్టోబరులో వలస దరఖాస్తులు చూసే ఏజెన్సీ యూఎస్‌సీఐఎస్ స్పష్టం చేసింది. ఇలాంటి సందర్భాల్లో విలేకరుల సమావేశంలో చెప్పిన మాట కన్నా ప్రకటన పాఠంలోని "ఎవరికి, ఎప్పటి నుంచి, ఎంతకాలం" అన్న మూడు వాక్యాలకే విలువ.

మరి "రూల్" అంటే ఏమిటి? అది ఎలా మారుతుంది?

కాంగ్రెస్ చట్టంలో చట్రం ఇస్తుంది, వివరాలు ఏజెన్సీ రాస్తుంది. ఆ వివరాలే రూల్. హెచ్‌1బి వాళ్ల మీద ఆధారపడి హెచ్‌4 వీసాలో ఉన్న భార్యలకో భర్తలకో ఉద్యోగ అనుమతి, చదువు తర్వాత పని చేసుకోనిచ్చే ఓపీటీ గడువు, హెచ్‌1బి లాటరీ పద్ధతి, ఫీజులు, ఇవన్నీ రూల్స్‌లో ఉన్నవే.

1946 నాటి పాలనా ప్రక్రియ చట్టం ప్రకారం రూల్ మార్చడానికి ఒక వరుస ఉంది. ఏజెన్సీ ముసాయిదా రాస్తుంది, వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం పరిశీలిస్తుంది, ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రచురిస్తారు. ప్రజల అభిప్రాయాలకు సాధారణంగా 30 నుంచి 60 రోజులు ఇస్తారు. వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాలకు జవాబు రాసి తుది రూల్ ప్రచురిస్తారు. అమలు కనీసం 30 రోజుల తర్వాత, పెద్ద ఆర్థిక ప్రభావం ఉన్నవైతే 60 రోజుల తర్వాత. మొత్తం మీద ఏడాది పట్టడం మామూలే. అభిప్రాయం రాయడానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్‌4 మీద ఉన్నవాళ్లూ రాయవచ్చు. ఒకే మూసలో వెయ్యి మంది పంపే ఉత్తరం కన్నా, "నా ఇంటి లోను ఇంత, నా కంపెనీలో ఉద్యోగులు ఇంతమంది" అంటూ లెక్కలతో రాసిన ఒక్క ఉత్తరం ఎక్కువ పని చేస్తుంది. జవాబివ్వకుండా వదిలేస్తే కోర్టులో ఏజెన్సీకి అదే తలనొప్పి అవుతుంది.

ఈ వరుస తప్పితే ఏమవుతుందో 2020 చూపించింది. హెచ్‌1బి కనీస జీతాలను పెంచుతూ ఆ అక్టోబరులో కార్మిక శాఖ, అర్హతలను బిగిస్తూ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ రూల్స్ తెచ్చాయి. కోవిడ్ అత్యవసరం పేరుతో అభిప్రాయ సేకరణ దాటవేశాయి. మార్చిలో వచ్చిన కోవిడ్‌కు అక్టోబరు దాకా ఆగి, ఇప్పుడు తొందర అంటే ఒప్పుకోనని కాలిఫోర్నియాలోని ఫెడరల్ జడ్జి డిసెంబరు 1న రెండింటినీ కొట్టేశారు. జీతం ఎంత ఉండాలన్న విషయం దాకా వెళ్లనే లేదు, పద్ధతి దగ్గరే పడిపోయాయి.

హెచ్‌4 ఉద్యోగ అనుమతి కథ దీనికి రెండో వైపు. అది 2015 మే 26 నుంచి అమల్లో ఉంది. రద్దు చేస్తామని 2017లోనే ప్రభుత్వం ప్రకటించింది, 2019లో ముసాయిదా బడ్జెట్ కార్యాలయానికి చేరింది, అక్కడే ఉండిపోయింది. 2021 జనవరిలో కొత్త ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. నాలుగేళ్లు "రేపే రద్దు" అన్న వార్తలు వచ్చినా అనుమతి ఒక్కరోజు కూడా ఆగలేదు. రూల్‌గా వచ్చినదాన్ని తీయాలంటే మళ్లీ రూలే కావాలి, అదే దాని బలం.

2024 జూన్‌లో వచ్చిన లోపర్ బ్రైట్ తీర్పు ఇక్కడ ఒక మలుపు. అంతకు ముందు 40 ఏళ్లు, చట్టం అస్పష్టంగా ఉంటే ఏజెన్సీ చెప్పిన అర్థం సమంజసమైతే చాలు, కోర్టులు ఒప్పుకునేవి. ఇప్పుడు జడ్జి తనే అర్థం తేలుస్తారు. ఇది రెండు వైపులా కోసే కత్తి. కఠినమైన రూల్ పడిపోయే అవకాశం పెరిగింది, ఉదారమైన రూల్‌కూ అంతే.

అధ్యక్షుడు తలుచుకుంటే ఇండియన్ల గ్రీన్ కార్డు క్యూ తగ్గించలేరా?

ఏడాదికి 1,40,000 ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు, ఏ దేశానికైనా 7 శాతం పరిమితి అన్న రెండు అంకెలూ 1990 చట్టంలో ఉన్నవి. అంకె చట్టంలో ఉంటే దాన్ని మార్చేది కాంగ్రెస్సే. హెచ్‌1బి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000 కూడా అంతే. లాటరీ ఎలా తీయాలన్నది ఏజెన్సీ చేతిలో ఉంది, ఎంతమందికి అన్నది కాదు.

ఉన్న సంఖ్యను వృథా కానివ్వకపోవడం మాత్రం ప్రభుత్వం చేతిలోని పనే. 2021 ఆర్థిక సంవత్సరంలో కోవిడ్ వల్ల కుటుంబ కేటగిరీలో మిగిలినవి చేరి ఉద్యోగ కేటగిరీ కోటా బాగా పెరిగింది, కానీ సెప్టెంబరు 30లోపు పరిశీలన పూర్తికాక 60 వేలకు పైగా చేజారాయి.

ఏజెన్సీ నిర్ణయం నచ్చకపోతే కాంగ్రెస్‌లో ఒక సభ దాన్ని కొట్టేయగలదా?

లేదు. దీన్ని తేల్చింది మన మూలాలున్న మనిషి కేసే. భారతీయ తల్లిదండ్రులకు కెన్యాలో పుట్టిన జగదీష్ రాయ్ చడ్డా విద్యార్థి వీసా గడువు దాటి అమెరికాలో ఉండిపోయాడు. బహిష్కరణను ఇమిగ్రేషన్ జడ్జి నిలిపివేస్తే, 1975లో ప్రతినిధుల సభ ఒక్కటే తీర్మానం చేసి ఆ ఉపశమనాన్ని రద్దు చేసింది. 1983లో సుప్రీం కోర్టు 7–2తో అది చెల్లదంది. రెండు సభల ఆమోదం, అధ్యక్షుడికి పంపడం, ఈ రెండూ లేనిదే కాంగ్రెస్ మాటకు చట్టం బలం ఉండదని తేల్చింది. అప్పట్లో అలాంటి నిబంధన ఉన్న దాదాపు 200 చట్టాల మీద ఆ తీర్పు ప్రభావం పడింది.

ఎక్కడో ఉన్న ఒక జిల్లా జడ్జి అధ్యక్షుడి ఉత్తర్వును ఎలా ఆపగలడు?

ఫెడరల్ కోర్టుల్లో 94 జిల్లా కోర్టులు, వాటిపైన 13 అప్పీలు కోర్టులు, ఆపైన 9 మందితో సుప్రీం కోర్టు. కేసు మొదలయ్యేది జిల్లా కోర్టులో. ఆ జడ్జికీ సుప్రీం కోర్టు జడ్జికీ నియామక పద్ధతి ఒక్కటే: అధ్యక్షుడి ప్రతిపాదన, సెనేట్ ఆమోదం, జీవితకాల పదవి. నియమించిన అధ్యక్షుడు కూడా తొలగించలేడు.

జన్మతః పౌరసత్వం మీద 2025 జనవరి 20న వచ్చిన ఉత్తర్వు చూడండి. తల్లి హెచ్‌1బి, ఎఫ్‌1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్ కార్డుదారుడో కాకపోతే పుట్టే బిడ్డకు పౌరసత్వం ఇవ్వబోమని అందులో ఉంది. మూడు రోజులకే సియాటెల్‌లో జడ్జి ఆపేశారు, తర్వాత మేరీల్యాండ్, మసాచుసెట్స్‌లోనూ దేశవ్యాప్త నిలుపుదల ఆదేశాలు వచ్చాయి. జూన్ 27న సుప్రీం కోర్టు 6–3తో, కేసు వేసినవాళ్లకు పూర్తి ఉపశమనం ఇవ్వడానికి అవసరమైనంత వరకే జడ్జీలు ఆపాలంది. ఉత్తర్వు సరైనదా కాదా అన్నది ఆ తీర్పులో తేల్చలేదు, చాలామంది తప్పుగా చదివింది ఇక్కడే. రెండు వారాల్లోపే న్యూహాంప్‌షైర్‌లో బిడ్డలందరి తరఫున క్లాస్ యాక్షన్‌గా వేసిన కేసులో మళ్లీ నిలుపుదల వచ్చింది. డిసెంబరులో అసలు ప్రశ్ననే సుప్రీం కోర్టు విచారణకు తీసుకుంది. వాదమంతా అమెరికాలో పుట్టినవాళ్లకు పౌరసత్వం ఇచ్చే 1868 నాటి 14వ సవరణ, దాన్ని విదేశీ తల్లిదండ్రుల బిడ్డకు వర్తింపజేసిన 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు చుట్టూనే.

అప్పీలు కోర్టు తీర్పు తన పరిధిలోని రాష్ట్రాలకే కట్టుబాటు. డల్లాస్‌లో ఉన్నవాళ్లకు ఫిఫ్త్ సర్క్యూట్ (అప్పీలు కోర్టులను సర్క్యూట్లంటారు), ఎడిసన్‌లో ఉన్నవాళ్లకు థర్డ్, శాన్‌హోసేలో ఉన్నవాళ్లకు నైన్త్. ఒకే ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు ఉండవచ్చు. అలాంటప్పుడే సుప్రీం కోర్టు జోక్యం చేసుకునే అవకాశం ఎక్కువ. అక్కడికి ఏటా వేల పిటిషన్లు వెళ్తాయి, తీసుకోవాలంటే తొమ్మిది మందిలో నలుగురు ఒప్పుకోవాలి, పూర్తి వాదనలు వినేవి 60–70. తిరస్కరిస్తే కింది తీర్పు నిలుస్తుందంతే, దాన్ని సమర్థించినట్టు కాదు.

ఇమిగ్రేషన్ జడ్జి కూడా ఇలాంటి జడ్జేనా?

కాదు. ఇమిగ్రేషన్ కోర్టులు జస్టిస్ డిపార్ట్‌మెంట్ అనే మంత్రిత్వ శాఖలో, అంటే అధ్యక్షుడి కింద ఉన్నవి. ఆ జడ్జీలు అటార్నీ జనరల్ కింది ఉద్యోగులు. వాళ్ల పైన ఉన్న అప్పీల్స్ బోర్డు కూడా అదే శాఖది. స్వతంత్ర కోర్టు అంటే ఆ తర్వాత వచ్చే సర్క్యూట్ కోర్టే. బోర్డు తుది ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో అక్కడ పిటిషన్ పడాలి.

షట్‌డౌన్ వస్తే ఏవి ఆగుతాయి?

ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆ లోపు 12 వ్యయ బిల్లులో, తాత్కాలిక పొడిగింపో ఆమోదం పొందకపోతే డబ్బు లేని శాఖలు మూతపడతాయి. కాంగ్రెస్ మంజూరు చేయని డబ్బు ఖర్చు పెట్టడం చట్టరీత్యా నిషిద్ధం. 2025లో అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు సాగింది, అప్పటికి అదే అతి పొడవైనది.

యూఎస్‌సీఐఎస్ దరఖాస్తుదారుల ఫీజుల మీద నడుస్తుంది కాబట్టి దాదాపు యథావిధిగా ఉంటుంది. కాన్సులేట్లదీ చాలావరకు అంతే. దెబ్బ తగిలేది కార్మిక శాఖ దగ్గర. అక్కడ ఎల్‌సీఏ (హెచ్‌1బి పిటిషన్‌కు ముందు కార్మిక శాఖ ధ్రువీకరించే జీతం హామీ పత్రం), పెర్మ్ (గ్రీన్ కార్డుకు కావలసిన కార్మిక శాఖ ధ్రువీకరణ) ఆగిపోతాయి. ఎల్‌సీఏ లేకుండా కొత్త హెచ్‌1బి పిటిషన్ గానీ, కంపెనీ మారడం గానీ కుదరదు. 2025 అక్టోబరులో ఇదే జరిగింది. 2018–19 షట్‌డౌన్ 35 రోజులు నడిచినా కార్మిక శాఖకు ముందే నిధులు మంజూరై ఉండడంతో ఇవి ఆగలేదు. అందుకే ఏ వ్యయ బిల్లు ఆగిందో చూడాలి. సెప్టెంబరు చివర్లో ఉద్యోగం మారేవాళ్లు ఎల్‌సీఏ ముందే వేయించుకోవడం మేలు.

నా దరఖాస్తు ఎటూ కదలడం లేదు. ఏ శాఖ తలుపు తట్టాలి?

మొదట ఏజెన్సీ వెబ్‌సైట్‌లోని మామూలు గడువు దాటిందో లేదో చూడండి. దాటితే అక్కడే విచారణ పెట్టండి. జవాబు రాకపోతే మీ నియోజకవర్గ ప్రతినిధి కార్యాలయం. ఓటు లేకపోయినా మీరు అక్కడ నివసిస్తుంటే చాలు. వాషింగ్టన్ కార్యాలయానికి బదులు స్థానిక కార్యాలయంలోని కేస్‌వర్కర్‌ను అడగండి, గోప్యతా అనుమతి పత్రం మీద సంతకం, రసీదు నంబరు ఇవ్వండి. ఒకే కేసును ప్రతినిధికీ ఇద్దరు సెనేటర్లకూ ఒకేసారి ఇస్తే పని జోరందుకోదు, కార్యాలయాల మధ్య తికమక పెరుగుతుంది. వాళ్లు ఫైలు ఎక్కడుందో అడగగలరు, ఆమోదించమని ఆదేశించలేరు.

అదీ కాకపోతే జిల్లా కోర్టులో మాండమస్ దావా. కోర్టు ఫీజు 405 డాలర్లు, లాయరు ఖర్చు వేరు. ప్రభుత్వానికి జవాబుకు 60 రోజులు ఉంటుంది, ఆ లోపే ఏజెన్సీ నిర్ణయం తీసుకోవడం తరచూ జరుగుతుంది. దావా అడిగేది "ఏదో ఒకటి తేల్చండి" అని మాత్రమే, తేల్చడమంటే తిరస్కరణ కూడా కావచ్చు. ఫైలులో లోపం ఉందని తెలిసినవాళ్లు ముందు దాన్ని సరిచేసుకోవాలి.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా నిరాకరిస్తే పరిస్థితి వేరు. కాన్సులర్ అధికారి నిర్ణయంలోకి అమెరికా కోర్టులు సాధారణంగా తొంగిచూడవు. అమెరికా పౌరురాలి భర్తకు వీసా నిరాకరించిన మునోజ్ కేసులోనూ 2024లో సుప్రీం కోర్టు అదే మాట చెప్పింది. పరిశీలన ఇంకా పూర్తికాలేదనే 221(జీ) స్లిప్పు ఇచ్చి నెలల తరబడి తేల్చకపోవడం మీద దావాలు పడతాయి గానీ, ఫలితం కోర్టును బట్టి మారుతుంది. విద్యార్థి వీసా తిరస్కరణకు ఆచరణలో ఉన్న దారి, మారిన పరిస్థితులు చూపించి మళ్లీ దరఖాస్తు చేయడమే.

అభిశంసిస్తే అధ్యక్షుడు దిగిపోతాడా?

ప్రతినిధుల సభలో మామూలు మెజారిటీతో అభిశంసన జరుగుతుంది, అది ఆరోపణ నమోదు లాంటిది. దించాలంటే సెనేట్‌లో మూడింట రెండొంతులు కావాలి. ఆండ్రూ జాన్సన్ 1868లో, క్లింటన్ 1998లో, ట్రంప్ 2019లో, 2021లో అభిశంసనకు గురయ్యారు, ఎవరూ దిగలేదు. నిక్సన్ 1974లో సభ ఓటు వేయకముందే రాజీనామా చేశాడు.

వార్త నిజమో కాదో నేనే చూసుకోవాలంటే?

బిల్లైతే హెచ్.ఆర్. లేదా ఎస్. తో మొదలయ్యే నంబరు ఉండాలి. కాంగ్రెస్ డాట్ గవ్‌లో కొడితే చివరిసారి ఎక్కడ కదిలిందో తేదీతో వస్తుంది. నంబరుతో పాటు అది ఎన్నో కాంగ్రెస్‌దో చూడండి, పాత కాంగ్రెస్‌లో చచ్చిపోయిన బిల్లులు వాట్సాప్‌లో బతికే ఉంటాయి. రూలైతే ఫెడరల్ రిజిస్టర్‌లో వెతకండి. పైన "ప్రతిపాదిత" అని ఉంటే ఇంకా అమల్లో లేదు, "తుది" అని ఉంటే కింద అమలు తేదీ ఉంటుంది. అధ్యక్షుడి ఉత్తర్వులు ముందు వైట్‌హౌస్ సైట్‌లో, కొన్ని రోజులకు రిజిస్టర్‌లో నంబరుతో వస్తాయి. కోర్టు విషయమైతే రెండు ప్రశ్నలు చాలు: ఏ కోర్టు, తుది తీర్పా తాత్కాలిక నిలుపుదలా. డ్రైవింగ్ లైసెన్సు, స్థానిక యూనివర్సిటీ ఫీజు, ఇంటి పన్ను లాంటివి వీటిలో దేనిలోనూ దొరకవు, అవి రాష్ట్రం పరిధిలోవి.